చిన్న బొమ్మకు రంగు, దాని కింద మన నేల



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మన పాఠశాలలో చిన్న బొమ్మల ప్రదర్శన పెడతామని డ్రాయింగు మాస్టారు ప్రార్థన దగ్గర చెప్పిన సంగతి మీకు తెలుసు. గదికి ఒక బొమ్మ, ఆ బొమ్మ కింద ఒక పలక మీద దాని నేల. బొమ్మ జానెడుకన్నా చిన్నదే అయినా చూసినవాళ్ళకి ఆ మనిషి నిజంగా అక్కడ నిలబడినట్టు ఉండాలన్నారు. మా గది బొమ్మ అయిపోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం స్టడీ అవర్ కాగానే ఎవరో ఒకరు వచ్చి, "ఏం కలిపారు, ఎలా వేశారు" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్తే గొంతు పోతోంది. అందుకని గోడ పత్రికలో రాస్తున్నాను. ఇది రెండు చార్టులు పట్టేలా ఉంది, సంపాదకవర్గం క్షమించాలి.

ఈ దినోత్సవాన్ని ఐక్యరాజ్యసమితి 1994 డిసెంబరులో ప్రకటించింది. కాని చిన్న బొమ్మల పని దానికన్నా చాలా పాతది. ఈజిప్టులో మెకెట్రె అనే పెద్ద ఉద్యోగి సమాధిలో 1920లో తవ్వేటప్పుడు ఒక చిన్న గది నిండా రంగులేసిన కొయ్యబొమ్మలు దొరికాయి. అవి సుమారు 4000 ఏళ్ల నాటివి. వాటిలో రాజులూ దేవుళ్ళూ కాదు, పశువుల్ని లెక్క పెట్టేవాళ్ళు, రొట్టెలు చేసేవాళ్ళు, ధాన్యం కొలిచేవాళ్ళు, పడవ మీద చేపలు పట్టేవాళ్ళు ఉన్నారు. బొమ్మలతోపాటు కొట్టు గోడలు, పడవలు, అరుగులు కూడా చేశారు. ఇప్పుడు వాటిలో సగం కైరోలోను, సగం న్యూయార్కులోను ఉన్నాయి. మన సోషల్ పుస్తకంలో హరప్పా మట్టి ఎడ్లబండి బొమ్మ ఉంటుంది చూడండి, అదీ ఈ కుటుంబంలోదే.

మన రాష్ట్రంలో ఈ విద్యకి గురువులు కొండపల్లివాళ్ళు. తెల్ల పొణికి కర్రతో తల, చేతులు, ఒళ్ళు విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆపైన రంగు వేస్తారు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ మీరు చూసే ఉంటారు. ఏటికొప్పాక బొమ్మల తీరు వేరు. అక్కడ అంకుడు కర్రని తిప్పుతూ ఆ వేడికి లక్క అంటిస్తారు, కుంచెతో పని ఉండదు. కాబట్టి మనకి కొండపల్లి దారే పనికొస్తుంది. మనకి పొణికి కర్ర దొరకలేదు. మక్కు మాత్రం దొరికింది. చింతపిక్కలకి మన హాస్టల్లో కరువా!

ఏ మనిషిని చెయ్యాలి అన్నదాని మీద మా గదిలో మూడు రోజులు వాదన జరిగింది. కొందరు విల్లంబులు పట్టుకున్న మనిషి అన్నారు, కొందరు థింసా అన్నారు. థింసా అంటే కనీసం పదిమందిని చెయ్యాలి, అది మనవల్ల కాదు. విల్లంబుల మాటకి నేను ఒప్పుకోలేదు. కిందటేడు కింది ఊళ్ళో ఒక ప్రదర్శనలో 'గిరిజనుడు' అని చీటీ కట్టి ఒక బొమ్మ పెట్టారు. నడుముకి ఆకులు, నెత్తిన ఈకలు, చేతిలో బల్లెం, ఒళ్ళంతా ఇంజనాయిలు పూసినట్టు నలుపు. మాతో వచ్చిన ఆరో తరగతి పాప దాన్ని చూసి, "అక్కా, వీళ్ళు ఏ దేశంవాళ్ళు?" అని అడిగింది. మనల్ని మనం చూసి గుర్తు పట్టలేని బొమ్మ అది. చేసినవాళ్ళు మన ఊరు రాలేదు, సినిమా చూసి చేశారు.

అందుకే మేం రోజూ చూసే పని తీసుకున్నాం. ఊట దగ్గర నీళ్ళు పట్టుకుని, నెత్తిన బిందె పెట్టుకుని, గట్టెక్కి ఇంటికి వెళ్ళే ముసలమ్మ. ఆ ముసలమ్మ మా నాయనమ్మ. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆమెకి ఒక్క ఫోటో కూడా లేదు. రేషన్ కార్డు మీద ఉన్న ఫోటోలో ముఖం మీదే ముద్ర పడి కనిపించదు. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మని, అత్తని కూర్చోబెట్టి, చీర ఎలా కట్టేది, కొప్పు ఏ పక్కన ముడిచేది, నడిచేటప్పుడు ఏ చెయ్యి ఊపేది, అన్నీ అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు, అది వేరే సంగతి. మీరూ ఏ బొమ్మ చేసినా ముందు అడగండి, తర్వాత చెయ్యండి.

ఇక లెక్క. ఇది రాకపోతే ఎంత మంచి రంగైనా వృథా. మేం 20లో ఒక వంతు కొలత తీసుకున్నాం. అంటే నిజం 20 సెంటీమీటర్లయితే బొమ్మలో 1 సెంటీమీటరు. 150 సెం.మీ. ఎత్తు మనిషి 7.5 సెం.మీ. అవుతుంది. పెద్దవాళ్ళ ఎత్తు సుమారు ఏడు, ఏడున్నర తలలంత ఉంటుంది కాబట్టి తల సరిగ్గా 1 సెం.మీ. వస్తుంది. చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, అయిదేళ్ళ పిల్లకి ఎత్తు ఆరు తలల లోపే. చాలామంది తల పెద్దగా చేసేస్తారు, ఎందుకంటే ముఖం చెయ్యడం మనకి ఇష్టం. అప్పుడు ముసలమ్మ చేసినా పిల్లలా కనిపిస్తుంది.

పొడవు 20 వంతులు తగ్గితే వైశాల్యం 400 వంతులు, ఘనపరిమాణం 8000 వంతులు తగ్గుతుంది. పదో తరగతివాళ్ళు సరిచూసుకోండి. 12 లీటర్ల బిందె నీళ్ళు మన బొమ్మ బిందెలో ఒకటిన్నర మిల్లీలీటరు, అంటే ఇంజెక్షను సిరంజిలో కొంచెం. ఆ లెక్క వేసినప్పుడు నాకు నవ్వొచ్చింది. నాయనమ్మ మోసిన 12 కిలోల బరువు ఇంత చుక్కయిపోయింది! కాని చూసేవాళ్ళకి ఆ 12 కిలోలే కనిపించాలి. ఎలా? అది రంగుతో రాదు, నిలబెట్టడంతో వస్తుంది. నెత్తిన బరువున్న మనిషి మెడ నిటారుగా ఉంటుంది, చూపు దూరంగా ఉంటుంది, అడుగు చిన్నదిగా పడుతుంది. బిందె నుంచి దారం వేలాడదీస్తే అది రెండు పాదాల మధ్య పడాలి. చంకలో బిందె అయితే ఒళ్ళు రెండో పక్కకి వంగుతుంది. ఇది మన ఫిజిక్సు పాఠంలో గరిమనాభి అన్నమాట. నమ్మకపోతే రేపు పొద్దున్న బోరింగు దగ్గర మీ నడకే చూసుకోండి.

బొమ్మ లోపల బైండింగు వైరు రెండు పేటలు మెలిపెట్టి ఎముకల గూడులా చేశాం. పాదాల కింద వైరు రెండు సెంటీమీటర్లు అదనంగా వదలాలి. రంగులేసేటప్పుడు దాన్ని పాత హవాయి చెప్పు ముక్కలో గుచ్చి పట్టుకుంటాం, చివర్న అదే వైరు నేలలోకి దిగుతుంది. వైరు మీద తడి కాగితం చుట్టి, దాని మీద మక్కు. చింతపిక్కలు వేయించి, దంచి పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్ళల్లో జిగురయ్యేదాకా ఉడకబెట్టాలి. అందులో పాత చున్నీలో జల్లించిన రంపపు పొట్టు కలిపి చపాతీ పిండిలా పిసకాలి. ఒకేసారి మందంగా పెట్టొద్దు. పైన ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, అది తరవాత ఆరి కుంచించుకుపోతే పైన పగులుతుంది. పల్చగా పెట్టి, నీడలో ఆరనిచ్చి, మళ్ళీ పెట్టాలి. మన కొండల్లో జులై వాన సంగతి తెలిసిందే కదా, మేం వంటగది పొయ్యికి రెండు గజాల దూరంలో అటక మీద పెట్టించాం. వంటమ్మగారికి కృతజ్ఞతలు. ఆరిన తరవాత కూడా ఈ మక్కు ఒకరకంగా తిండి పదార్థమే. తడి తగిలితే బూజు పడుతుంది, చీమలూ బొద్దింకలూ వస్తాయి. రంగు వేసేదాకా డబ్బాలో దాచండి.

ముఖం చెక్కడానికి అగ్గిపుల్ల, ముల్లు, సూది చాలు. ముక్కు, బుగ్గ ఎముక, కనుబొమల గట్టు, ఈ మూడూ వస్తే ముఖం వచ్చినట్టే. వేళ్ళు అయిదూ విడదీయాలని చూడకండి, బిందె అంచు మీద చెయ్యి ఒక్క ముద్దగా ఉండి మధ్యలో గీతలు ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు రంగు. ఆరిన మక్కు రంగును పీల్చేస్తుంది కాబట్టి ముందు తెల్ల పూత కావాలి. సుద్దముక్కల పొడి, ఫెవికాల్, నీళ్ళు కలిపి మజ్జిగంత పల్చగా చేసి రెండుసార్లు పూశాం. ఈ పూత ఆరాక ఒక మంచి పని ఉంది. రాత్రి బల్బు కింద బొమ్మని సరిగ్గా నెత్తిమీంచి వెలుతురు పడేలా పట్టుకోండి. వెలుతురు ఎక్కడ పడింది, నీడ ఎక్కడ నిలిచింది అని చూసి, నీడ పడ్డ చోటల్లా పల్చటి గోధుమ రంగు పెట్టండి. గడ్డం కింద, చంక కింద, చీర మడతల లోపల. మైదానంలో ఎండలో నిలబడ్డ మనిషికి సూర్యుడే నీడలు వేస్తాడు. గదిలో బల్ల మీద బొమ్మకి కిటికీ, తలుపు, ట్యూబులైటు అన్ని వైపుల నుంచీ వెలుతురు వచ్చి నీడలు చెరిగిపోతాయి. అందుకే ఆ నీడల్ని మనం రంగుతో వెయ్యాలి. సగం అసలుతనం ఇందులోనే ఉంది.

పోస్టరు కలర్లకన్నా ఫెవిక్రిల్ లాంటి అక్రిలిక్ రంగులు మేలు. పోస్టరు కలరు మీద రెండో పూత వేస్తే కింది పూత కరిగి బురదవుతుంది. అక్రిలిక్ ఆరితే మళ్ళీ కరగదు. అదే గుణం కుంచెకి శత్రువు. రంగు కుంచెలో ఆరితే ఆ కుంచె చీపురే. వెంటనే కడగండి. కుంచె మొన కోసం నోట్లో పెట్టుకోవద్దు. రంగు ఎప్పుడూ పల్చగా, రెండు మూడు పూతలు. చిక్కగా ఒకే పూత వేస్తే సూదితో చెక్కిన ముఖమంతా పూడిపోతుంది.

ఒంటి రంగు దగ్గర ఆగి చెప్తాను. దుకాణంలో 'ఒంటి రంగు' అని ఒక సీసా ఇస్తారు. తెరిచి చూస్తే గులాబీ కలిసిన తెలుపు. మన హాస్టల్లో నూట యాభైమందిమి ఉన్నాం, ఆ రంగు ఒక్కరి ఒంటికీ లేదు. అమెరికాలో క్రయోలా కంపెనీ తన పెట్టెలో ఇలాంటి లేత రంగు క్రేయానుకి 'ఒంటి రంగు' అనే అర్థం వచ్చే పేరు పెట్టి, 1962లో దాన్ని పీచ్ పండు పేరుకి మార్చింది. ఎవరి ఒంటి రంగు అని అడిగితే జవాబు లేదు కదా. మా గదిలో ఆరుగురం ముంజేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఆరూ ఆరు రంగులు. ఒకే చేతిలో మోచిప్ప ఒక రంగు, మణికట్టు లోపల ఒక రంగు, అరచెయ్యి మరో రంగు.

మేం కలిపింది ఇది. బర్ంట్ సియన్నా రెండు చుక్కలు, బర్ంట్ అంబర్ ఒక చుక్క, ఎల్లో ఓకర్ అర చుక్క. నీడకి ఇందులో ఇంకొంచెం అంబర్, సూది మొనంత నీలం. నలుపు కలపొద్దు, ఒళ్ళు బొగ్గులా చచ్చిపోతుంది. వెలుగుకి తెలుపు కలపొద్దు, బూడిద పూసినట్టవుతుంది. ఓకర్ కలపండి, ఎండలో మెరిసినట్టు వస్తుంది. బుగ్గ ఎముక, ముక్కు దూలం, భుజం, మోకాలు, ఇవి వెలుగు పట్టే చోట్లు. పెదవికి, చెవి తమ్మెకి, వేలి కణుపులకి కొంచెం ఎరుపు.

నేను రంగు కలుపుతుంటే చిన్నపాప ఒకతి, "అక్కా, నాయనమ్మని కొంచెం తెల్లగా వెయ్యి, పెద్దసార్లు వస్తారు కదా, అందంగా ఉంటుంది" అంది. పాపం, అది మంచికే అంది. నేను కోప్పడలేదు. దాని చెయ్యి తీసుకుని రంగు పలక పక్కన పెట్టి, "ఈ రంగు బాగుందా లేదా?" అన్నాను. చూసుకుని, "బాగుంది" అంది. "నాయనమ్మకీ ఇదే" అన్నాను. తరవాత కుంచె కడిగే పని అంతా అదే చేసింది.

ఈ సియన్నా, అంబర్ అనే రంగులు అసలు మట్టిరంగులు. ఇటలీలో సియెనా అనే ఊరి పేరు ఒకదానికి వచ్చింది. వాటికి రంగునిచ్చేది ఇనుము, తుప్పులో ఉండేదే. పచ్చమట్టిని కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది, అందుకే 'బర్ంట్'. పచ్చటి మట్టిని ఇనప పెనం మీద బాగా కాల్చి చూడండి, మీ కళ్ళముందే ఎర్రబడుతుంది. మన కొండ నేల ఎరుపుకి కారణమూ ఆ ఇనుమే. అందుకని నాయనమ్మ ఒంటి రంగూ, ఆమె కాలికింద నేల రంగూ ఒక దానికొకటి ఎలా కలుస్తాయో చూస్తే ఆశ్చర్యమేసింది.

కళ్ళ సంగతి. అందరూ తెల్లగుడ్డు వేసి నల్లచుక్క పెడతారు. బొమ్మ భయపడ్డట్టు చూస్తుంది. బొమ్మని మనం ఒక అడుగు దూరం నుంచి చూస్తాం, 30 సెంటీమీటర్లు అనుకోండి. 20తో హెచ్చిస్తే 6 మీటర్లు. అంటే నిజం మనిషిని 6 మీటర్ల దూరం నుంచి చూసినట్టు అన్నమాట. గ్రౌండులో మీ స్నేహితురాలిని 6 మీటర్ల దూరంలో నిలబెట్టి చూడండి. కంటి తెలుపు ఎంత కనిపిస్తోంది? మసకగా ఉన్న ఒక చీకటి గీత, అంతే. ఎండకి కళ్ళు చికిలించిన ముసలమ్మకి అదీ లేదు. మేం పై రెప్ప దగ్గర ముదురు గోధుమ గీత ఒకటి గీసి వదిలేశాం. కన్ను వచ్చేసింది.

ఈ లెక్క ప్రకారం వెయ్యకూడనిది ఒకటి నేను వేశాను. నాయనమ్మ ముంజేతుల మీద పచ్చబొట్లు ఉండేవి. గీత రెండు మిల్లీమీటర్ల వెడల్పు అయితే బొమ్మలో మిల్లీమీటరులో పదో వంతు. ఆరు మీటర్ల నుంచి గీతలు కనిపించవు, చెయ్యి కొంచెం నీలంగా కనిపిస్తుందంతే. మాస్టారు కూడా పల్చటి నీలం పూత చాలన్నారు. పూత వేశాను. కాని దాని మీద సూదికి రంగద్ది మూడు గీతలు, వాటి మధ్య చుక్కలు పెట్టాను. లెక్కకి విరుద్ధమే. అవి లేకపోతే ఆ చెయ్యి ఎవరిదైనా కావచ్చు.

చీరకి కొత్త రంగు వెయ్యకండి. ఉతికి ఉతికి వెలిసిన రంగు కావాలి. భుజం మీద ఎండ తగిలే చోట ఇంకా వెలవాలి. మడతల్లోకి పల్చటి ముదురు రంగు నీళ్ళలా వదిలితే అదే లోతులోకి పారి నిలుస్తుంది. ఆరాక, పాత కుంచె వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, లేత రంగులో ముంచి, గుడ్డకి తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు మడతల శిఖరాల మీద రుద్దండి. ఎత్తుమీద మాత్రమే అంటుకుంటుంది. ఇది రాళ్ళకీ, కొప్పుకీ, బుట్టలకీ పనికొస్తుంది. సత్తు బిందెకి వెండి రంగు వద్దు, దేవుడి కిరీటంలా ఉంటుంది. బూడిద రంగు వేసి, పైన ఆకాశం పడ్డచోట తెల్లటి గీత, కింద నేల పడ్డచోట ఎర్రటి ఛాయ ఇవ్వండి. సత్తు అద్దం లాంటిది, తన రంగుకన్నా పక్కవాళ్ళ రంగునే ఎక్కువ చూపిస్తుంది.

ఇక నేల. మా పలక 20 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు. అంటే 4 మీటర్లు, 3 మీటర్ల స్థలం. ఇంత చిన్న చోట ఊరంతా పెట్టాలని ఆశ పడకండి. ఊట, దాని ముందు బురద, గట్టెక్కే దారి. అంతే. టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోలు ముక్కలు చెక్కి అతికిస్తే ఏటవాలు వస్తుంది. థర్మాకోలు మీద పెట్రోలు, టిన్నరు కలిసిన రంగు పడితే కరిగి గుంటలవుతుంది, నీళ్ళ రంగులే వాడండి. దాని మీద ఫెవికాల్ కాగితం, ఆపైన మక్కు, దాని మీద మట్టి. మట్టి నాయనమ్మ ఊరి ఊట దగ్గరదే తెచ్చాను. పెనం మీద వేడి చేశాకే వాడాలి, లేకపోతే పురుగులూ గడ్డివిత్తనాలూ బయల్దేరతాయి. పల్చటి గుడ్డలో జల్లించండి. ఎందుకంటే ఒక మిల్లీమీటరు ఇసకరేణువు బొమ్మ లోకంలో రెండు సెంటీమీటర్ల గులకరాయి. జల్లించని మట్టి వేస్తే నాయనమ్మ కంకర మీద నడుస్తున్నట్టుంటుంది.

రాళ్ళకి గెడ్డలోంచి చిన్నరాళ్ళు ఏరుకొచ్చాం. గుండ్రటివి కాదు, పగిలి అంచులున్నవి. గుండ్రటి గులకరాయి ఎంత చిన్నదైనా గులకరాయిలాగే కనిపిస్తుంది, పగిలిన రాయి చిన్న కొండచరియలా కనిపిస్తుంది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా దొరికే రాయి పేరు ఖోండలైట్. ఖోండులు, అంటే కోందువాళ్ళ పేరు మీదే భూగర్భశాస్త్రంవాళ్ళు ఆ పేరు పెట్టారు. ఎండావానకి అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రటి మరకలు కారతాయి. దగ్గరగా చూస్తే చిన్న చిన్న ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఆ మరకలు వేస్తే మన రాయి, వెయ్యకపోతే ఎక్కడి రాయో.

పచ్చదనానికి నిజం నాచు పెట్టొద్దు, వారంలో గోధుమరంగుకి తిరుగుతుంది. రంపపు పొట్టుకి మూడు రకాల ఆకుపచ్చలు అద్ది ఆరబెట్టి, తడి చోట ముదురుది, ఎండ చోట పసుపు కలిసింది చల్లాం. ఒకే ఆకుపచ్చ వేస్తే క్యారమ్స్ బల్ల మీద గుడ్డ పరిచినట్టుంటుంది. గడ్డిదుబ్బులకి గోనెసంచి నార ముక్కలు. ఊటకి నీళ్ళొచ్చే వెదురు దోనె కోసం వరిగడ్డి పుల్లని నిలువునా చీల్చాం, నాలుగు మిల్లీమీటర్లు, అంటే నిజంలో ఎనిమిది సెంటీమీటర్ల వెదురు. పారే నీటికి నాలుగు నైలాను దారప్పోగులు కలిపి ఫెవికాల్ రాశాం. కింద గుంటలో నీళ్ళు కూడా ఫెవికాలే, రాత్రికి ఒక పల్చటి పూత. మందంగా పోస్తే మధ్యలో పాలలా తెల్లగా ఉండిపోతుంది. గుంట అడుగున ముందే ముదురు రంగు వెయ్యాలి, లోతు దానివల్లే వస్తుంది.

తడి నేల పొడి నేలకన్నా ముదురుగా ఉంటుంది. మట్టిరేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు చేరేసరికి వెలుతురు బయటికి తిరిగి రాకుండా లోపలే ఎక్కువ ఇంకుతుంది. కాబట్టి ఊట చుట్టూ ముదురు గోధుమ, దాని మీద వార్నీషు మెరుపు, దూరం పోయేకొద్దీ మెరుపు లేకుండా లేత ఎరుపు. బురద ఆరకముందే అగ్గిపుల్లని పాదంలా చెక్కి అడుగులు వెయ్యండి. పాదం సెంటీమీటరు పైన ఒక వీసం. అడుగులు ఊటవైపు వచ్చేవీ ఉండాలి, వెళ్ళేవీ ఉండాలి. వాటిలో ఒక జత చిన్నపిల్లవి, అర సెంటీమీటరుకి కొంచెం ఎక్కువ. ఎవరివని అడక్కండి.

బొమ్మని పలక మధ్యలో గుచ్చొద్దు. వెళ్ళేవైపు ఖాళీ ఎక్కువ వదలండి. మరో ముఖ్యమైన సంగతి. ఏటవాలు నేల మీద మనిషి నేలకి లంబంగా నిలబడడు, భూమికి నిటారుగా నిలబడతాడు. చెట్టైనా అంతే. చాలా బొమ్మలు వెనక్కి పడిపోతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. దారానికి గింజ కట్టి వేలాడదీసి చూసుకోండి. గుచ్చాక, పలక మీది మట్టినే నీళ్ళల్లో కలిపి పాదాలకి, చీర అంచుకి, మడమల పగుళ్ళకి పూయండి. ఈ ఒక్క పూతతో బొమ్మ నేలకి అతుక్కుంటుంది. అంతదాకా బొమ్మ వేరు, పలక వేరుగా ఉంటాయి.

వార్డెన్ టీచరుగారికి ఒక మనవి. బొమ్మల్ని మామూలు బల్ల మీద పెడితే అందరూ పైనుంచి చూస్తారు. పైనుంచి చూస్తే బిందె, కొప్పు తప్ప ఏమీ కనిపించవు. మెస్సు బల్ల మీద బెంచీ ఎక్కిస్తే సుమారు 120 సెం.మీ. ఎత్తు వస్తుంది. అప్పుడు ఆరో తరగతి పిల్లలకి నాయనమ్మ కళ్ళెదురుగా ఉంటుంది. పెద్దసార్లు కొంచెం వంగి చూడాలి. వంగనివ్వండి.

చీటీ విషయంలో కూడా నాదొక మాట. బెంగాలులో కృష్ణానగరం మట్టిబొమ్మలకి పెద్ద పేరు. అచ్చం మనిషిలా చేస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ బొమ్మల్ని విదేశాల ప్రదర్శనలకి పంపేవారు. ఫలానా కులం, ఫలానా తెగ, ఫలానా వృత్తి అని నమూనాల్లాగా వరసగా నిలబెట్టేవారు. అంత చక్కగా చేసిన ముఖానికి పేరే ఉండేది కాదు. మాకు ఇచ్చిన చీటీ మీద కూడా 'గిరిజన స్త్రీ, నీరు తెచ్చుట' అని ముందే టైపు చేసి ఉంది. మేం దాన్ని తిప్పి వెనక వైపు ఆమె పేరు, ఊరి పేరు, ఊట పేరు రాశాం. మాస్టారు చూసి ఏమీ అనలేదు, అక్షరాలు ఇంకొంచెం పెద్దగా రాయమన్నారు. పేరేమిటో ఇక్కడ రాయను, బల్ల దగ్గరకి వచ్చి చదవండి.

ఫెవికాల్ నీళ్ళు ఆరడానికి కనీసం అయిదు రాత్రులు పడుతుంది. మక్కు ఈ వానల్లో వారం దాకా తీసుకుంటుంది. కాబట్టి ఈ ఆదివారమే మొదలుపెట్టండి. చింతపిక్కలు వంటగది వెనక నీలం సంచిలో ఉన్నాయి. జల్లించిన రంపపు పొట్టు మా గది కిటికీ మీద డబ్బాలో ఉంది, వాడుకున్నాక మూత పెట్టండి. సున్నా నంబరు కుంచె ఒక్కటే ఉంది. అది చిన్నపాప దగ్గర ఉంటుంది, దాన్నే అడగాలి.